రిచ్చీ స్ట్రీటులో రాముడు - భీముడు

మద్రాసు సెంట్రల్ స్టేషనుకి ఇప్పుడు ఎం.జి.ఆర్. పేరు. 2019లో పెట్టారు. తెర మీద కత్తి తిప్పిన హీరో పేరున్న స్టేషన్లో రైలు దిగడమంటే మనలాంటి సినిమా పిచ్చివాళ్లకి అదో సరదా! ఊరి పేరు కూడా 1996లోనే చెన్నై అయిందనుకోండి. అయినా నా నోటికి మద్రాసే వస్తుంది. తెలుగు సినిమా పెరిగి పెద్దదైన ఊరిని పాత పేరుతో పిలిస్తే ఎవరికీ కోపం రాకూడదు మరి.

2024 మార్చి నెలాఖరు. పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగేసరికి ఎండ నడినెత్తిన వుంది. ఏ హీరోయిన్‌తోనో ఇంటర్వ్యూకి వచ్చాననుకునేరు... అంత అదృష్టమా! నా సంచీలో పాత తువ్వాల్లో చుట్టిన నాలుగు మాడిపోయిన ట్రాన్సిస్టర్లున్నాయి. అవి ఎందుకు మాడాయో తేల్చుకోవడానికి వచ్చాను.

కథ మా మామయ్యది. తెనాలి దగ్గర పల్లెలో ఆయనది మైకుసెట్టు. కుర్రతనంలో టూరింగ్ టాకీసులో ఆపరేటరు పక్కన నిలబడి రీళ్లు చుట్టినవాడు. ఆట మొదలవబోతోందని ఊరికి చెప్పేది గంట కాదు, ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట. అది చెరువుగట్టు దాటి వినపడిందంటే జనం కంచాల ముందు నుంచి లేచి పరిగెత్తేవారట. టాకీసు మూతపడ్డాక ఆ పాటని ఊరికి వినిపించిన ఆంప్లిఫయరునే మామయ్య కొనుక్కున్నాడు. 1970ల నాటి సరుకు. దాని మీదే ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశాడు. వాళ్ల పెళ్లిలో మోగిందీ అదే.

2024 మహాశివరాత్రి జాగారంలో, తెల్లవారుజామున, ఆ ఆంప్లిఫయరు గొంతు పోయింది. విప్పి చూస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు రెండూ పోయాయి. నెంబరు 2ఎన్3055. ఆంప్లిఫయర్ల లోకంలో ఇది ఎన్టీవోడంత పేరున్న నెంబరు. పలకల రేకు మీద గుండ్రటి ఇనప టోపీ, కింద రెండు కాళ్లు. మైకుసెట్లు, పవర్ సప్లయిలు, ఇన్వర్టర్లు... ఎక్కడ చూసినా అదే. మామయ్య టౌనుకెళ్లి అదే నెంబరు కొత్త జత తెచ్చి వేశాడు. స్విచ్చి వేసిన పావుగంటకి కమురు వాసన! అప్పటికింకా పాటైనా పెట్టలేదు. ఇంకో జత వేశాడు. అదీ అంతే.

"ఆ డబ్బా పాతినప సామాన్ల వాడికిచ్చెయ్, చేతిలో పట్టేంత కొత్త ఆంప్లిఫయర్లు వస్తున్నాయి" అన్నారు కుర్రాళ్లు. మామయ్య ఒక్క మాట అన్నాడట. "డబ్బా తప్పు కాదురా. నా చెయ్యి పోయింది."

అని సోల్డరింగ్ ఐరన్ తీసుకెళ్లి అటక మీద పెట్టేశాడు. శ్రీరామనవమి పందిరికి ఇంకెవరినైనా చూసుకోమని కమిటీవాళ్లకి కబురు పంపాడు. రాత్రి అత్తయ్య ఫోన్ చేసింది. "ఒరే అబ్బాయ్, మీ మామయ్య మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినటంలేదు. ఎవరికైనా చూపించకూడదూ?" చూపించమన్నది ఆంప్లిఫయర్నో మామయ్యనో నాకు అర్థం కాలేదు గానీ, మర్నాడే బయల్దేరాను.

సెంట్రల్ దగ్గర మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే గవర్నమెంట్ ఎస్టేట్. అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే రిచ్చీ స్ట్రీట్. మౌంట్‌రోడ్డు పక్కన, క్యాసినో థియేటరుకి దగ్గర్లో, చింతాద్రిపేట అంచున వుంటుంది. పేరుకి ఒక వీధే గానీ నరసింగపురం వీధి, మీరాన్ సాహెబ్ వీధి, వాలర్స్ రోడ్డు అన్నీ కలిపి జనం రిచ్చీ స్ట్రీటనే అంటారు. మన హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ చూశారుగా? దాన్ని నాలుగింతలు చేసి, మల్లెపూల వాసనా ఫిల్టరు కాఫీ వాసనా కలిపితే ఇదీ!

ముందు వరసంతా సెల్‌ఫోన్లు, కెమెరాలు, లాప్‌టాప్‌లు. వాటిని దాటి సందుల్లోకి వెళ్తేగాని అసలు వీధి కనపడదు. కెపాసిటర్లు గుప్పెళ్లతో, వైరు తూకంతో, స్పీకరు వేలితో తట్టిచూసి అమ్మే వీధి అది. కాలేజీ ప్రాజెక్టుల కోసం వచ్చిన కుర్రాళ్లు చీటీలు పట్టుకుని తిరుగుతున్నారు. ఒక చీటీలో నాకూ కనపడింది, 3055. అరవై ఏళ్ల నెంబరు ఇరవై ఏళ్ల కుర్రాడి చీటీలో!

అయిదారు కొట్లలో అడిగాను. లేదన్నవాడు లేడు. "ఎన్ని కావాలి?" అన్నారు. ఒక కొట్లో ధరకి ఇంకో కొట్లో మూడింతలు. తేడా ఏమిటంటే, "అది అంతే" అన్నారు. పాత 3055కీ కొత్త 3055కీ ఏమైనా తేడా వుందా అని అడిగితే మాత్రం, సినిమా ఆడుతుండగా క్లైమాక్సు చెప్పమన్నట్టు మొహం పెట్టారు.

చివరికి ఒక కుర్రాడు పైకి చూపించాడు. మనిషి ఒంటివైపు తిరిగితే తప్ప పట్టని మెట్లు. పైన చిన్న గది. విప్పిన ఆంప్లిఫయర్ల మధ్య ఒక పెద్దాయన. చింతాద్రిపేట మనిషి. 1734లో నేతపనివాళ్ల కోసం వెలసిన పేట అది. ఆ పేటలో పుట్టి పెరిగిన తెలుగువారాయన. మాట మాత్రం పూర్తిగా మద్రాసు తెలుగు.

తువ్వాలు విప్పి నాలుగింటినీ బల్ల మీద పెట్టాను. చేతిలోకి కూడా తీసుకోలేదు. ఒక్కటే ప్రశ్న.

"పాడతా వుండగా పోయినాయా సార్, ఊరికే వుండగా పోయినాయా?"

"ఊరికే వుండగానేనండీ. పాట పెట్టకముందే కాలిపోయాయి."

"అట్లయితే మీ మామగారి చెయ్యి మంచిదే. లోపల వుండే మనిషే మారిపోయినాడు."

బల్ల కింద నుంచి బిస్కెట్ల రేకు డబ్బా తీశాడు. అందులో ఏళ్ల తరబడి చచ్చిన 3055లు, టోపీలు రంపంతో కోసేసి వున్నాయి. రెండు పక్కపక్కన పెట్టాడు. పైన అచ్చు వేసిన నెంబరు ఒకటే. లోపల చూస్తే, ఒకదాంట్లో చిటికెన వేలి గోరంత సిలికాన్ ముక్క, రెండోదాంట్లో అందులో ముక్కాలు కూడా లేదు.

నాకు ఠక్కున 1964 నాటి ‘రాముడు భీముడు’ గుర్తొచ్చింది. మొహం ఒకటే, మనుషులు ఇద్దరు. మీకు కూడా ఆ లెక్కలోనే చెబుతాను.

పాత 3055ని 1960ల మొదట్లో అమెరికాలో ఆర్.సి.ఏ. కంపెనీ తెచ్చింది. పాత సినిమాల టైటిల్స్‌లో సౌండ్ సిస్టమ్ అనే కార్డు దగ్గర ఈ పేరు చూసే వుంటారు... ఆ ఆర్.సి.ఏ.నే! అప్పుడు దాన్ని హోమెటాక్సియల్ అనే పద్ధతిలో చేసేవారు. కరెంటు దాటాల్సిన మధ్య పొర మందంగా వుండేది. అందుకని ఇతగాడు రాముడు. నిదానం, ఓర్పు, ఎంత బరువు వేసినా మోస్తాడు. 1970ల మధ్యకొచ్చేసరికి కంపెనీలు ఒకటొకటిగా ఎపిటాక్సియల్ పద్ధతికి మారాయి. పొర పలచన, ముక్క చిన్నది. ఒక సిలికాన్ పళ్లెంలో ఎక్కువ ముక్కలొస్తాయి కాబట్టి చవక. పైగా చురుకు! పాతవాడి వేగం కనీసం 0.8 మెగాహెర్ట్జ్ అని రాసేవారు, కొత్తవాడికి కనీసం 2.5 అని రాశారు. వీడు భీముడు.

మరి నెంబరెందుకు మార్చలేదు? ఇదీ అసలు కిటుకు. 2ఎన్3055 అంటే ఒక ఒప్పందం. 15 ఆంపియర్లు తట్టుకోవాలి, 60 వోల్టులు తట్టుకోవాలి, చల్లగా వుంచితే 115 వాట్లు మోయాలి... ఇలాంటివి. కొత్తవాడు ఇవన్నీ చేస్తాడు. ఇంత వేగానికి మించకూడదని ఒప్పందంలో ఎక్కడా లేదు. కాబట్టి కాగితం మీద మోసమేమీ లేదు. పాత రకమే కావాలన్నవాళ్లకి ఆర్.సి.ఏ. వాళ్లు చివర ‘హెచ్’ తగిలించి 2ఎన్3055హెచ్ అని విడిగా అమ్మారు కూడా. పెద్ద పెద్ద ఇంజనీర్లు డేటా షీట్లు చదివి తెలుసుకున్నారు. పల్లెలో మైకుసెట్టు మెకానిక్కుకి డేటా షీటు ఎవరిస్తారు? ఆయనకి తెలిసింది టోపీ మీది నెంబరే.

నన్నడిగితే ఇది న్యాయం కాదు. హీరోని మార్చేసి, పోస్టరు మార్చకుండా ఆట వేసినట్టుంది.

ఇక భీముడు రాముడింటికి వెళితే ఏమవుతుందో సినిమాలో చూశారుగా! బావగారి గతి ఏమైందో తెలుసు. ఇక్కడా అంతే. ఆంప్లిఫయరులో అవుట్‌పుట్ నుంచి కొంచెం సిగ్నల్‌ని వెనక్కి తెచ్చి తప్పులు దిద్దే ఏర్పాటు ఒకటుంటుంది. ఫీడ్‌బ్యాక్ అంటారు. పాత డిజైనర్లు రాముడి నిదానాన్ని లెక్కలో వేసుకునే ఇల్లు కట్టారు. ఆయన నిదానమే ఆ ఇంటికి బ్రేకు. వేరే బ్రేకు ఎందుకని చాలామంది పెట్టలేదు. అక్కడ చురుకైనవాణ్ణి కూర్చోబెడితే, దిద్దడానికి వచ్చిన సిగ్నలే వాణ్ణి ఎగదోస్తుంది. ఆంప్లిఫయరు తనంతట తాను లక్షల సార్లు ఊగడం మొదలుపెడుతుంది. మన చెవికి 20 వేలు దాటితే వినపడదు కదా! పాట లేదు, చప్పుడు లేదు, లోపల మాత్రం తాండవం. కాసేపటికి కమురు వాసన.

ఇంకో తేడా కూడా చెప్పాడాయన. 40 వోల్టుల దాకా ఇద్దరూ సమానంగానే మోస్తారట. అది దాటి 60 వైపు పోతుంటే కొత్తవాడు గబగబా నీరసపడతాడు. కరెంటంతా ఒకచోటే గుమిగూడి, అక్కడ వేడెక్కి, వేడెక్కినచోటికే ఇంకా కరెంటు పరిగెత్తి, చిల్లు పడుతుంది. మొదటిరోజు మొదటి ఆటకి టిక్కెట్లిచ్చే కిటికీ ఒకటే తెరిస్తే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? పాతవాడి మందపాటి పొర జనాన్ని అన్ని కిటికీలకీ సర్దేది.

"ఊరికే చెప్తే మీ మామగారు నమ్మరు. ఆయన చెవికి వినిపించాల" అన్నాడు పెద్దాయన. "ఇంట్లో రేడియో వుండాదా? మీడియం వేవు వుండే పాత రేడియో?"

ఫోన్ చేశాను. మామయ్య అసలు ఒప్పుకోలేదు. "నా వల్ల కాదురా. ఇంకో జత కూడా పొట్లంలోనే వుంది, వెనక్కిచ్చేద్దామనుకుంటున్నా." పెద్దాయన ఫోన్ లాక్కున్నాడు. "అన్నగారూ, నేనూ ఇదే పనిలో యాభై ఏండ్లు వుండేవాణ్ణి. నా మాటకోసం ఒక్కసారి ఐరన్ తీయండి. ఈ తూరి సీరీస్ బల్బు పెట్టి స్విచ్చి వేయండి, ట్రాన్సిస్టర్లు పోవు."

అటక మీది నుంచి ఐరన్ దిగింది. మూడో జత బిగించడానికి ముప్పావుగంట. ఈలోగా నేను కింద రెండు కాఫీలు తాగాను. మళ్లీ పైకొచ్చేసరికి ఫోన్లో అత్తయ్య గొంతు. రేడియో పట్టుకుని నిలబడే డ్యూటీ ఆవిడదట. "ఎంతసేపురా? పొయ్యి మీద పులుసుంది!"

మామూలుగా అయితే సీరీస్ బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి, తర్వాత మసకబారాలి. అది మసకబారలేదు. వెలుగుతూనే వుంది. తర్వాత రేడియో ముల్లు మెల్లగా తిప్పమన్నాడు పెద్దాయన. కాసేపు గరగర. ఒకచోటికొచ్చేసరికి సన్నటి ఈల. మాకు ఇక్కడ ఫోన్లో కూడా వినపడింది.

"ఇప్పుడు ఆంప్లిఫయరు ఆపండి."

ఈల ఆగింది.

"వేయండి."

ఈల!

అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత మామయ్య గొంతు. "ఒరే... ఇది నా చెయ్యి కాదురా! లోపల ఎవడో ఈలేస్తున్నాడు!"

ఆ గొంతు విన్నాక, నా రైలు చార్జీ అక్కడికే గిట్టుబాటైంది.

వైద్యం పెద్ద ఖర్చేమీ కాదు. పెద్దాయన బిల్లు కాగితం వెనక రాసిచ్చాడు. అవుట్‌పుట్‌కి అడ్డంగా 10 ఓముల రెసిస్టరు, దానితో వరసగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు. డ్రైవరు ట్రాన్సిస్టరు కలెక్టరుకీ బేసుకీ మధ్య 47 పికోఫారడ్, చాలకపోతే 100. మరీ పెద్దది వేస్తే సుశీలమ్మ గొంతు మొద్దుబారుతుందని హెచ్చరిక! బేసు కాలి దగ్గరే చిన్న రెసిస్టరు ఒకటి. ట్రాన్సిస్టరుకి వెళ్లే వైర్లు పొట్టిగా కత్తిరించాలి. అన్నీ ఒక్కసారి గుప్పించకూడదు. ఒక్కోటి వేసి బల్బు చూడాలి, రేడియో వినాలి. బల్బు మసకబారి, ఈల ఆగిన చోట ఆగిపోవాలి.

"ఏ డేటా షీటూ చూడకుండా ఇదంతా మీకెలా తెలిసింది?" అని అడిగాను.

"కాల్చుకోని తెలుసుకున్నాము సార్. మేమందరమూ ఫస్టు మా చేతినే తిట్టుకున్న్యాము."

కొట్లో ధరల తేడా సంగతి కూడా అప్పుడే తేలింది. ఆ బిస్కెట్ల డబ్బాలో మూడో రకం కూడా వుంది. టోపీ అదే, అచ్చు అదే, లోపల ముక్క మాత్రం ఆవగింజకి అన్నలా వుంది. రాముడూ కాదు, భీముడూ కాదు, వేషం వేసుకున్న ఎక్స్‌ట్రా! దొంగ సరుకు వేరు, మారిన సరుకు వేరు. మారినవాడితో సర్దుకుని కాపురం చెయ్యచ్చు, దొంగతో చెయ్యలేం. రేకు మరీ పలచగా, తూకం తేలిగ్గా, అచ్చు వేలితో రుద్దితే చెరిగేలా వుంటే పెద్దాయన కొననే కొనడు. నాలుగు కొన్నాడంటే ఒకటి రంపానికి బలి. "ఒకటి పోతే మిగిలినవాటి యోగ్యత తెలస్తది" అంటాడు. జతగా వేసేవి ఒకే పెట్టెలోంచి తీసుకోవాలి. పాత హెచ్ సరుకు ఎక్కడైనా దొరికితే మాత్రం, దాన్ని దేవుడి పటం వెనక దాచుకోవాలట.

సరుకు మారడం తప్పని నేననను. సినిమా హాళ్లలోనూ మారింది కదా. ఫిలిం అంచున వుండే సౌండ్ ట్రాకుని చదవడానికి ప్రొజెక్టరులో ఎక్సైటర్ లాంప్ అని చిన్న బల్బు వుండేది. 2000ల మొదట్లో ట్రాకులో వెండి తీసేసి నీలిరంగు డై పెట్టడం మొదలుపెట్టారు. పాత బల్బుతో అది సరిగ్గా చదవలేం, ఎర్ర ఎల్.ఇ.డి. కావాలి. కానీ అక్కడ హాళ్లవాళ్లకి ముందుగా చెప్పారు. మధ్యలో రెండు రకాల దీపాలకీ పనికొచ్చే ట్రాకులు తెచ్చారు. ఆపరేటరు ఎవడూ తన చెయ్యి పోయిందనుకోలేదు.

రాత్రి బండికి ఇంకా టైముంది. మద్రాసు వచ్చి వడపళని చూడకుండా వెళితే కళ్లు పోతాయి! ఒకప్పుడు విజయా-వాహినీ స్టూడియోలున్న స్థలంలో ఇప్పుడు ఆస్పత్రి వుంది, షాపింగ్ మాలుంది. మాలు పేరులో ‘విజయ’ మాత్రం అలాగే వుంది. లోపల ఏసీ, ఎస్కలేటర్లు, పాప్‌కార్న్. ‘మాయాబజార్’ తీసిన సంస్థ స్థలమిదని అక్కడ ఐస్‌క్రీమ్ తింటున్న పిల్లాడికి చెబుదామనుకున్నాను. వాడు తమిళ పిల్లాడు. పైగా ఐస్‌క్రీమ్ కరుగుతోంది. ఊరుకున్నాను.

రైల్లో వుండగానే మామయ్య ఫోను. 47 సరిపోలేదట, 100 వేస్తే ఈల ఆగిందట. "సరేగానీ, రేపు దిగేటప్పుడు..." అని మొదలుపెట్టి, పక్కూళ్లో ఇంకో ఇద్దరు మైకుసెట్టువాళ్లున్నారని, వాళ్లూ కిందటేడు ఇలాగే ట్రాన్సిస్టర్లు కాల్చుకుని పని మానేశారని చెప్పాడు. ఆ కాగితం నకలు తియ్యమన్నాడు. రైల్లో నకలెక్కడ తీస్తాం! చేత్తోనే రెండు రాశాను.

ఏప్రిల్ 17న నవమి పందిట్లో ఆంప్లిఫయరు పొద్దున్నుంచి రాత్రి దాకా మోగింది. మామయ్య గంటకోసారి హీట్‌సింక్ మీద అరచెయ్యి పెట్టి చూస్తూనే వున్నాడు. రాత్రి పందిరి విప్పాక మూత తీసి, లోపలి వైపు నల్ల పెయింటుతో పెద్ద అక్షరాలతో రాశాడు: "3055 కొత్త రకం వేయబడినది. 100 పి.ఎఫ్. తీయవద్దు. ఊరికే వేడెక్కితే రేడియో పెట్టి చూడుము."

కింద తేదీ వేసి, సంతకం కూడా పెట్టాడు.